ఫోనుకి తగిలించని ఇయర్‌ఫోన్లు

దయ్యాల కబుర్లంటే నాకు భయం కాదు, నవ్వూ రాదు. చిరాకు. మా స్టాఫ్ రూములో ఎవరైనా "మా పిన్ని వాళ్ళింట్లో ఒకసారి ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టారంటే పేపర్ల కట్ట చంకన పెట్టుకుని వరండాలోకి పోయేదాన్ని. తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. రుజువు లేనిది బోర్డు మీద రాయను, రాసినవాణ్ణి వదలను. అలాంటి నేను కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. నమ్మమని ఎవర్నీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

ముందు ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మాది రేపల్లె. ఇంట్లో నలుగురం. నేను, మా ఆయన రవి, మా పాప చిన్ని, మా మామయ్యగారు. రవికి బాపట్లలో ఉద్యోగం, పొద్దున్నే బండి మీద పోతాడు. నేను రైల్లో తెనాలి పోతాను. చిన్నిని స్కూలు ఆటో ఎక్కిస్తాం. ఇక పగలంతా ఇంట్లో మామయ్యగారు ఒక్కరే. పక్కింటి మాణిక్యమ్మ అత్తయ్యగారికి ఒక తాళంచెవి ఇచ్చాం. ఆవిడ మధ్యమధ్య వచ్చి చూసి, మధ్యాహ్నం అన్నం పెట్టి వెళ్తుంటారు.

మామయ్యగారిది పెనుమూడి. కృష్ణ ఒడ్డున కొంత పొలం, ఏటి మధ్య లంకలో ఇంకొంత. ఆయన గట్టు మీద నిలబడి కేకేస్తే లంకలో పనిచేసేవాళ్ళంతా తలెత్తి చూసేవారట. కాపరానికొచ్చిన కొత్తలో ఆ గొంతు విని నేను చేతిలో గ్లాసు జారవిడిచాను. పిలిస్తే ఒక్కసారే పిలిచేవారు. రెండోసారి పిలవడమంటే ఆయనకి నామోషీ.

ఆ గొంతు ఇప్పుడు లేదు. చుట్ట తినేసింది. లోపల పుండన్నారు, మందులన్నారు, చివరికి ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. అప్పుడు చిన్ని నా కడుపులో ఉంది. మెడ కింద గుంటలో ఒక రంధ్రం పెట్టారు, ఆయన ఊపిరంతా అక్కణ్ణుంచే. ఆ రంధ్రంలో ఒక గొట్టం, దాని లోపల ఇంకో సన్న గొట్టం. లోపలిదాన్ని రోజూ తీసి, కడిగి, మళ్ళీ పెట్టాలి. మాట మాత్రం ఇక రాదు. పెదాలు కదుపుతారు, మేము చూసి ఊహించుకుంటాం. సగం తప్పులే. ఆయనకి కోపమొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పాడు. కఫం ఎండిపోయి ఆ గొట్టం మూసుకుపోతే ఊపిరాడదు, ఆయన కేక వెయ్యలేరు, పక్కగదిలో ఉన్నా మీకు తెలియదు, జాగ్రత్త అన్నాడు. మంచం పక్కన ఒక ఇత్తడి గంట పెట్టాం. పెట్టినా నాకు ధైర్యం చాలలేదు. గుమ్మం దాటిన ప్రతిరోజూ ఒకటే భయం. ఈయన పిలుస్తారు, ఎవరికీ వినపడదు.

ఇక చెవుల సంగతి.

మా రేపల్లె-తెనాలి ప్యాసింజరు ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఒకడు ఫోనులో రీల్సు బయటికి పెడతాడు. వాడికి పోటీగా ఎదుటి సీటాయన ప్రవచనం. నడవలో వేరుశెనక్కాయలు, జామకాయలు. కిటికీ దగ్గర సీజన్ పాసు బ్యాచీ పేకాట. పగలంతా పిల్లల గోల, రెండు పూటలా ఈ గోల. సాయంత్రానికి తల పగిలిపోతూ ఇంటికొచ్చి చిన్ని మీద అరిచేదాన్ని. చూసి చూసి రవే అన్నాడు. "చెవుల్లో ఏదన్నా పెట్టుకోవే తల్లీ, మేమందరం బతుకుతాం."

మొదట కొన్నవి ఊరికే చెవి అంచున వేలాడేవి. వాటితో పాట వినాలంటే రీల్సు కన్నా గట్టిగా పెట్టాలి, తలపోటు రెట్టింపు. తర్వాత వైరు లేనివి కొన్నాను, చుట్టూ ఉన్న శబ్దాన్ని వాటంతటవే కొట్టేస్తాయని డబ్బా మీద రాసి ఉంది. రైలు మోత నిజంగానే తగ్గింది. పేకాటవాళ్ళ మాటలు మాత్రం ఇంకా స్పష్టంగా వినపడటం మొదలెట్టాయి. పైగా చెవిలో ఏదో నొక్కుతున్నట్టుండేది. జంపని దగ్గర దిగేవాళ్ళు తోసుకుంటే ఒకటి పట్టాల మీద పడిపోయింది. పీడా పోయింది అనుకున్నాను.

మా కాలేజీ ఫిజిక్స్ సారుకి ఇలాంటివి చెప్పమంటే పండగ. "మేడం, మీరు కొన్నది ఒకేలా ఉండే మోతని తీసెయ్యడానికి పనికొస్తుందండి. ఇంజను, ఫ్యాను, అలాంటివి. మనుషుల మాటల్ని అంతగా ఆపదు. మీక్కావలసింది చెవిని మూసేది. సీసాకి బిరడా ఎలాగో అలాగ. బ్యాటరీలూ అవీ అక్కర్లేదు, బిరడా సరిగ్గా పట్టాలి, అంతే" అన్నాడు. అంతా ఆ చివర తగిలించే బుడిపెల్లోనే ఉందట. రబ్బరువి ఉంటాయి, మూడు సైజులు. స్పాంజివి ఉంటాయి, వాటిని వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో నొక్కి పట్టుకోవాలి. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని రూలేం లేదు, విడివిడిగా చూసుకోండి అని కూడా చెప్పాడు.

తెనాలి స్టేషన్ రోడ్డులో ఒక చిన్న షాపులో కొన్నాను. వైరు ఉన్నవే, టైప్-సి పిన్నుతో. ఓపికున్న మనిషి కాబట్టి షాపాయన అన్ని బుడిపెలూ పెట్టి చూపించాడు. నా ఎడం చెవికి పెద్ద స్పాంజి, కుడి చెవికి మధ్యది పట్టాయి. "చూడండి మేడం" అని షాపులో టీవీ సౌండు పూర్తిగా పెంచాడు. తెర మీద నోళ్ళు కదులుతున్నాయి గానీ నాకు మాటలు లేవు. నా ఊపిరి నాకే వినపడింది. ఆ క్షణంలో ఎంత సుఖంగా అనిపించిందో చెప్పలేను.

రవికి మాత్రం నచ్చలేదు. పట్టాలు దాటేటప్పుడు తీసెయ్, రోడ్డు మీద అస్సలు పెట్టుకోకు అన్నాడు. "నాన్న గురించి ఫోనొస్తే ఎలాగే?" అన్నాడు. ఫోను చేతిలోనే ఉంటుంది, అదురుతుంది, తెలుస్తుంది అన్నాను. రైల్లో పాటలు కూడా తక్కువే వినేదాన్ని. చెవులు మూసుకుని, ఏమీ పెట్టకుండా, పేపర్లు దిద్దుకునేదాన్ని. తలపోటు పోయింది. కొన్ని వారాలు హాయిగా గడిచాయి.

చలి తగ్గి గాలి పొడిగా కొడుతున్న రోజులవి. నూర్పిళ్ళ దుమ్ము ఊరంతా. ఆ పొద్దున రైలు భట్టిప్రోలు దాటింది. చెవుల్లో స్పాంజిలు, ఒళ్ళో పేపర్లు.

"అమ్మాయ్!"

కుడి చెవిలో. పక్కనే నిలబడి పిలిచినట్టు. మామయ్యగారి గొంతు, చివర్లో ఆ చిన్న విరుపుతో సహా.

చటుక్కున రెండూ పీకేశాను. రీల్సు, ప్రవచనం, వేరుశెనక్కాయలు. నా వైపు చూస్తున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఫోను చూశాను, ఏ పాటా నడవడం లేదు, ఏ వీడియో లేదు. మళ్ళీ పెట్టుకున్నాను. ఏమీ లేదు, నా గుండె చప్పుడు తప్ప.

ఇక్కడ మా అమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఎవరు పిలిచారో కనపడకపోతే ఒక్క పిలుపుకి పలక్కూడదని మమ్మల్ని పెంచింది. మనిషైతే మళ్ళీ పిలుస్తాడు, ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదు అనేది. నాకా నమ్మకం ఏ కోశానా లేదు గానీ ఒంటికి అలవాటైపోయింది. కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో ఉండి, మామయ్యగారు హాల్లోంచి పిలిస్తే రెండో పిలుపు కోసం ఆగేదాన్ని. ఆయన రెండోసారి పిలవరు. ఇంట్లో రోజూ యుద్ధమే. "కోడలికి చెవుడని పెళ్ళికి ముందు చెప్పలేదేంట్రా?" అని రవిని నిలదీశారొకసారి.

రైల్లోనూ అదే పని చేశాను. రెండో పిలుపు కోసం ఆగాను. లెక్కల మేడాన్ని, ఎమ్మెస్సీ చదివినదాన్ని, పెన్ను పట్టుకుని చెవులొగ్గి కూర్చున్నాను. పెనుమర్రు వచ్చింది, పోయింది. పిలుపు లేదు. సరే భ్రమ అనుకుని మళ్ళీ పేపరు మీదికి వంగాను. అప్పుడు తట్టింది. ఈయన రెండోసారి ఎప్పుడు పిలిచారు కనక!

ఇక ఆగలేదు. మాణిక్యమ్మ అత్తయ్యగారికి ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తరు. రవికి చేశాను. "నాన్న గొంతా? నీకేమన్నా పిచ్చి పట్టిందా? పొద్దున బానే ఉన్నాడుగా. ఆవిడ స్నానానికి పోయుంటారు, కంగారు పడకు" అన్నాడు. నిజమే, ఏం చెప్పను? గొంతే లేని మనిషి, ఊళ్ళు దాటి నా చెవిలో పిలిచాడని చెప్పనా? రైలు వేమూరులో ఆగింది. ఆరోజు కాలేజీలో ఇన్‌స్పెక్షను. అయినా దిగకపోతే నాకు ఊపిరి ఆడేట్టు లేదు. దిగిపోయాను.

ప్లాట్‌ఫాం మీద నిలబడి చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తారు. నేను హలో కూడా అనలేదు. "అత్తయ్యగారూ, మామయ్యగారిని చూడండి, ఇప్పుడే, ఫోను పెట్టెయ్యకండి" అన్నాను. ఆవిడ చెప్పుల చప్పుడు, తాళం తిప్పిన చప్పుడు. తర్వాత ఒక కేక.

"అమ్మో విజయా! ఈయన నల్లగా అయిపోతున్నారే! గుడ్లు తేలేస్తున్నారే!"

నా నోరు క్లాసులో చెప్పినట్టే చెప్పింది. మెడ దగ్గర గొట్టం పట్టుకోండి, లోపలిదాన్ని తిప్పండి, తిప్పి బయటికి లాగండి, భయపడకండి, లాగండి అన్నాను. ఆవిడ రాముణ్ణీ కృష్ణుణ్ణీ తలుచుకుంటూ తిప్పుతోంది. రావట్లేదే అంది. తిప్పండి అని అరిచాను. ప్లాట్‌ఫాం మీద జనమంతా నన్నే చూస్తున్నారు. అప్పుడు ఫోనులో ఒక చప్పుడు వినపడింది, ట్యూబులోంచి గాలి తన్నుకొచ్చినట్టు. ఆ తర్వాత దగ్గు. ఆ తర్వాత మాణిక్యమ్మ అత్తయ్యగారి ఏడుపు.

నేను అక్కడే సిమెంటు బెంచీ మీద కూలబడి ఏడ్చాను.

ఆటో మాట్లాడుకుని ఇంటికొచ్చేసరికి ఆయన దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. గంట మంచం కింద దొర్లి ఉంది, చెయ్యి జారిందన్నమాట. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "మామయ్యగారూ, నన్ను పిలిచారా?" అని అడిగాను. తలూపారు.

ఆపదలో కోడల్ని తలుచుకోవడంలో వింతేముంది? నాకు రోజూ ఉండే భయం ఆరోజు గొంతులా వినపడిందేమో. అలా కలిసొచ్చిందంతే అని రవి అన్నాడు, నేనూ సరేనన్నాను. తెనాలిలో చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. చెవి గట్టిగా మూసేస్తే మన ఒంట్లో చప్పుళ్ళే మనకి వినపడతాయమ్మా, రక్తం పారడం, దవడ కదలడం, మింగడం, మనసు వాటిని తెలిసిన గొంతుగా మార్చుకుంటుంది అన్నాడు. మంచి వివరణ. నేను క్లాసులో చెప్పగలిగేటంత మంచి వివరణ. దాన్ని పట్టుకుని ఒక వారం బతికాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో, చెవులు మూసుకుని ప్రశ్నపత్రం తయారుచేస్తున్నాను. "ఛీ, పోవే!" అని వినపడింది. అదే గొంతు. నా మీద కాదు, ఇంకెవరి మీదో విసుగు. సాయంత్రం ఇంటికెళ్ళాక ఏమీ చెప్పకుండా అత్తయ్యగారిని అడిగాను, ఇవాళ విశేషాలేంటని. "ఏముందమ్మా, ఆ గోధుమరంగు పిల్లి వంటింట్లో దూరి పాలగిన్నె బోర్లించింది. మీ మామయ్య చేతికర్ర విసిరికొట్టారు" అంది.

నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాను. సగం చీర మీద పోసుకున్నాను.

రుజువు లేనిది ఒప్పుకోనని చెప్పాను కదా. అందుకని పరీక్ష పెట్టాను. ఫోనులోంచి పిన్ను పీకేసి, ఊరికే చెవుల్లో పెట్టుకుని కూర్చున్నాను. వినపడింది. ఫోను ఆఫ్ చేసి బీరువాలో పెట్టాను. వినపడింది. స్పాంజిలు తీసి రబ్బరు బుడిపెలు పెట్టాను. అప్పుడు బయటి గోల కొంచెం దూరింది, ఆయన గొంతు రాలేదు. ఇయర్‌ఫోన్లు వదిలేసి మామూలు దూది పెట్టుకుని చూశాను. రాలేదు. చెవి పూర్తిగా మూసుకుని, లోకం మొత్తం ఆగిపోతేనే వచ్చేది. రోజూ రాదు. వచ్చినప్పుడు అన్నీ చిన్న మాటలే. ఎండ పడుతోంది. పేపరు రాలేదు. ఆ ఫ్యాను తగ్గించండి. ఒంటరిగా ఉన్న ముసలాయన తనలో తను అనుకునే మాటలు.

వింటానికి బాగానే ఉంది కదా అనిపించవచ్చు. నాకు మాత్రం నరకమైపోయింది. ఎందుకంటే ఇక నేను వాటిని తియ్యలేను. తీసిన ఆ కాసేపట్లోనే పిలిస్తే? ఒక్కసారే పిలుస్తారు. గోల తప్పించుకోవడానికి కొనుక్కున్నవి, కాపలా కాయడానికి పెట్టుకున్నాను. రైల్లో, స్టాఫ్ రూములో, అన్నం తింటూ కూడా. క్లాసులో తీసినా మనసు అక్కడ నిలిచేది కాదు. పిల్లలు సందేహాలడిగితే మళ్ళీ చెప్పమనేదాన్ని. ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఒంట్లో బాలేకపోతే సెలవు పెట్టండమ్మా అన్నారు. రవికి మొత్తం చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, నన్ను చూసి భయపడ్డాడు.

గాలి మార్పుకని ఒక ఆదివారం సూర్యలంక తీసుకెళ్ళాడు, నన్నూ చిన్నినీ. మామయ్యగారిని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకూడదు, ఒక చుక్క మెడలోకి పోయినా ప్రమాదం. మాణిక్యమ్మ అత్తయ్యగారు రోజంతా కూర్చుంటానన్నారు. అయినా నాకు నమ్మకం లేదు. రవి కొబ్బరిబొండాల కోసం వెళ్ళగానే పర్సులోంచి తీసి చెవుల్లో కుక్కుకున్నాను. సముద్రం ఆగిపోయింది. అలలు వస్తున్నాయి, పోతున్నాయి, చప్పుడు లేదు. నేను ఆయన కోసం వింటూ కూర్చున్నాను.

నా భుజం పట్టి ఎవరో కుదిపేసరికి ఉలిక్కిపడ్డాను. రవి. మోకాళ్ళదాకా తడిసి ఉన్నాడు, చంకలో చిన్ని. ఒళ్ళంతా ఇసక, నోట్లోంచి ఉప్పునీళ్ళు కక్కుతోంది. అల వచ్చి పడేసిందట. నేను కూర్చున్న చోటికి గట్టిగా నాలుగడుగులుంటుంది. అమ్మా, అమ్మా అని అరిచిందట. పక్కన బెస్తవాళ్ళ ఆడవాళ్ళు కూడా కేకలేశారట. నాకు ఒక్కటీ వినపడలేదు.

రవి నా చెవుల్లోంచి వాటిని లాగేశాడు. అంతమందిలో నామీద చెయ్యెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. వాటిని తన చెవుల్లో కుక్కుకున్నాడు, స్పాంజి నలపడం కూడా తెలియదు, నేనే నలిపి సరిగ్గా పెట్టాను. ఇసకలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు. తర్వాత తీసి నా చేతిలో పెట్టాడు.

"ఏదే? నాకేదీ? కన్నకొడుకుని కదా నేను, నాకెందుకు వినపడడు?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక వాటిని డబ్బాలో పెట్టి బీరువా మీద పడేశాను. ఇక ముట్టనని చిన్ని మీద ఒట్టేశాను. మా ఆఫీసుల వేళల్లో ఇంట్లోనే ఉండేట్టు ఒక ఆయమ్మని కుదిర్చాం. అది ముందే చెయ్యాల్సింది. తర్వాత కొన్నాళ్ళు రైల్లో రీల్సూ ప్రవచనాలూ వింటూ పోయాను, తలపోటు పెట్టుకుని వచ్చాను. ప్రతి స్టేషనులోనూ ఆయమ్మకి ఫోన్ చేసేదాన్ని. ఆవిడ విసుక్కునేది.

ఇక ఆఖరి సంగతి. ఇది నేనొక్కదాన్నే కాదు, ముగ్గురం చూశాం.

సెలవు రోజు, పట్టపగలు. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను, రవి పక్కన కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. మామయ్యగారు వరండాలో మంచం మీద, మా వైపు వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ పడుకున్నారు. చిన్ని గదిలో కుర్చీ ఎక్కి బీరువా మీద ఏదో కెలుకుతోంది. కాసేపటికి బయటికొచ్చింది. చెవుల్లో అవి. పిన్ను గౌను కింద వేలాడుతోంది. నేను రోజూ పెట్టుకోవడం చూసిన పిల్ల కదా, అచ్చం అలాగే చెవి పైకి లాగి నొక్కుకుంటోంది. దానికి మేం ఈ సంగతులేవీ చెప్పలేదు. భయపడుతుందని దాని ఎదురుగా ఎప్పుడూ మాట్లాడుకోలేదు. తియ్యవే అని నోరు తెరిచాను.

చిన్ని ఠక్కున ఆగింది. వరండా వైపు తిరిగింది.

"ఆఁ, వస్తున్నా తాతయ్యా!"

పరిగెత్తుకుంటూ వంటింట్లోకి పోయి, బెల్లం డబ్బాలోంచి చిన్న ముక్క తీసి, వరండాలోకి పట్టుకెళ్ళింది. మామయ్యగారు ఇటు తిరిగారు. దాని చేతిలో బెల్లంముక్క చూశారు, చెవుల్లో వైర్లు చూశారు. ఆయన మొహంలో ఆ రోజు చూసింది నేను చెప్పలేను.

నేను చిన్నిని దగ్గరికి తీసుకుని ఒక చెవిలోది తీశాను. ఏమన్నారే తాతయ్య అని అడిగాను.

"బుల్లెమ్మా, కాస్త బెల్లం పట్రావే, మీ అమ్మకి చెప్పకు అన్నాడు" అంది. చెప్పకూడనిది చెప్పేశానని నాలిక కరుచుకుంది.

మా ఇంట్లో దాన్ని బుల్లెమ్మా అని పిలిచినవాళ్ళు లేరు. నేను చిన్ని అంటాను, రవీ చిన్ని అనే అంటాడు, స్కూల్లో లాస్య. ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. చిన్నిని చూస్తూ, మెల్లగా, మాకు తెలియాలని, పెదాలు కదిపారు. బుల్లెమ్మా. మళ్ళీ కదిపారు. బుల్లెమ్మా. అది పుట్టినప్పటినుంచీ ఆయన దాన్ని పిలుస్తున్న పేరు అది. రోజూ పిలుస్తూనే ఉన్నారు. మేమెవరం వినలేదు.

నాకు దుఃఖం ఆగలేదు. అయినా అడగకుండా ఉండలేకపోయాను. తాతయ్య గొంతు ఎలా ఉందే అని అడిగాను. ఆయన గొంతు రికార్డు చేసింది ఎక్కడా లేదు, మా పెళ్ళి వీడియోలో కూడా మనుషులంతా మూగవాళ్ళే, మీద సినిమా పాటలు పరిచేశారు. చిన్ని ఆ గొంతు ఎరగదు.

"నాన్నది లాగే ఉంది" అంది చిన్ని, అదేం ప్రశ్న అన్నట్టు.

రవి లేచి పెరట్లోకి వెళ్ళాడు. చేతులు కడుక్కునే కుళాయి విప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపు కట్టలేదు.

ఇది జరిగి కొన్ని నెలలైంది. ఆ ఇయర్‌ఫోన్లు చిన్ని ఎప్పుడడిగినా ఇస్తున్నాను, నేను పెట్టుకోవడం లేదు. ఒక్కోసారి దానికి వినపడుతుంది, ఒక్కోసారి లేదంటుంది, నేను గుచ్చి అడగను. చెవుల డాక్టరు చెప్పినదాన్ని ఇప్పటికీ కాదనను. ఫిజిక్స్ సారుకి అంతా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, స్పాంజి నాణ్యత మంచిదై ఉంటుంది మేడం అన్నాడు, పాపం. నేను దీన్ని ఎటునుంచి చేసినా లెక్క కుదరడం లేదు.

రవిలో ఒక మార్పొచ్చింది. బాపట్ల నుంచి వచ్చీరాగానే కాళ్ళు కడుక్కుని నాన్న మంచం పక్కన కూర్చుంటాడు. దార్లో కొన్న సాయంత్రం పేపరు తీసి, గట్టిగా, వీధిలోకి వినపడేట్టు చదువుతాడు. మామయ్యగారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంటారు. కొడుకు నోట్లోంచి వస్తున్న మాటల్ని తనూ అనుకుంటున్నారని సంతోషపడ్డాను మొదట్లో.

ఈ మధ్యే గమనించాను. ఆ పేపరు ఆయన అంతకుముందు చూసింది కాదు, కళ్ళు కూడా తెరవరు. అయినా ఆయన పెదాలు రవి గొంతు కన్నా ముందు కదులుతున్నాయి. రవికి ఇంకా చెప్పలేదు.